కవి ఇల్లు కట్టి చూడు

శావల్యాపురంలో గుంతకల్లు వైపు పోయే ప్యాసింజరు ఎక్కినవాళ్లకు వినుకొండ ఎంతో దూరం కాదు. కొండ కనబడుతుంది, కొండమీద రామలింగేశ్వరుడి గుడి కనబడుతుంది, సంచులు సర్దుకునేలోపు స్టేషనే వచ్చేస్తుంది. నడికుడి నుంచి శ్రీకాళహస్తి వైపు వేస్తున్న కొత్త రైలుమార్గం పాత గుంటూరు–గుంతకల్లు లైనును కలిసేది శావల్యాపురంలోనే కాబట్టి ఈ ఊరికి జంక్షన్ అనే పేరూ వచ్చింది. రాకపోకలు మాత్రం ఎప్పటిలాగే వినుకొండతోనే. ఓటు వేసేది వినుకొండ నియోజకవర్గానికి, పెళ్లి బట్టలు కొనేదీ ఆసుపత్రికి పరుగెత్తేదీ వినుకొండకే.

బడిపిల్లలకు ఇంకో పని కూడా ఉంటుంది. తెలుగు వాచకంలో గుర్రం జాషువా బొమ్మ కింద జన్మస్థలం వినుకొండ అని చదివాక, 'మన పక్క ఊరే కదా, ఆయన ఇల్లు చూసొద్దామా' అని అడిగేది వాళ్లే. ప్రశ్న చిన్నదే. ఊరిని చూపించడం తేలిక, ఆ ఊళ్లో 1895 సెప్టెంబరు 28న పుట్టిన ఒక కుర్రాడి బాల్యాన్ని చూపించడం తేలిక కాదు. ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు మనవాళ్లు. కవి ఇల్లు కట్టడమెంత కష్టమో ఆ సామెత కట్టినవాళ్లకు తట్టి ఉండదు. గోడలు లేపడానికి మేస్త్రీ దొరుకుతాడు. ఆ గోడల మధ్య ఏం పెట్టాలో చెప్పేవాళ్లు దొరకాలి.

ఎక్కడో జపాన్‌లో, సముద్రపు ఒడ్డున ఉన్న ఒక బెస్తల ఊరు ఈ పని చేసి చూపించింది. అక్కడికి వెళ్లే ముందు మన ఊళ్లు ఏం చేశాయో చూడాలి.

మిద్దె ఉన్న కవి, మట్టిగోడల కవి

తెలుగునేల మీద కవీ రచయితా పెరిగిన ఇల్లు అని వేలు పెట్టి చూపించగలిగినవాటిలో ముందు వరసలో ఉండేది రాజమహేంద్రవరంలోని కందుకూరి వీరేశలింగం జన్మగృహం. 1848 ఏప్రిల్ 16న ఆయన పుట్టింది ఆ ఊళ్లోనే. నాలుగేళ్ల వయసులో తండ్రి సుబ్బారాయుడు పోతే, తల్లి పున్నమ్మ, పెదతండ్రి వెంకటరత్నం పెంచారు. రాష్ట్ర పురావస్తు శాఖ ఈ ఇంటిని రక్షిత కట్టడంగా కాపాడుతోంది. నవలాకారుడిగా, సంస్కర్తగా పేరు మోగిన ఈయన మొదట ప్రబంధ ధోరణిలో పద్యాలు అల్లినవాడేనన్న సంగతి చాలామందికి గుర్తుండదు. పెదవులు తగలని అక్షరాలతో, అచ్చతెలుగులో, నడుమ వచనం లేకుండా ఒక నైషధమే రాశాడు.

అయినా ఆ ఇంటికి వెళ్లేవాళ్లు వెతికేది పద్యాలను కాదు. 1881 డిసెంబరు 11 రాత్రి ఈ ఇంట్లోనే గోగులపాటి శ్రీరాములుకు, బాలవితంతువు గౌరమ్మకు పెళ్లి జరిగింది. బయట పోలీసు కాపలా, లోపల శిష్యులు, ఖర్చుకు వెన్నుదన్నుగా కాకినాడ వర్తకుడు పైడా రామకృష్ణయ్య. పెళ్లి అయ్యాక వెలి పడింది. వంటవాళ్లు, నీళ్లు తెచ్చేవాళ్లు మానేశారు. భార్య రాజ్యలక్ష్మమ్మ గోదావరికి వెళ్లి తానే నీళ్లు మోసుకొచ్చారు. ఆ గడప దాటినవాడికి ఈ కథ తెలిస్తే చాలు, అద్దాల బీరువాలతో పని లేదు. పెళ్లిపందిరి ఎక్కడ వేసి ఉంటారు, మంగళవాద్యాలు వీధి చివరిదాకా వినిపించాయా, ఎదురింటివాళ్లు తలుపులు మూసుకున్నారా అని వచ్చినవాళ్లే ఊహించుకుంటారు. అసలు గోడలు మిగలడం వల్ల కలిగే లాభం అది.

విజయనగరంలో కోటకు దగ్గరలో గురజాడ అప్పారావు నివసించిన ఇల్లు ఇప్పుడు స్మారకం, గ్రంథాలయం. ఆయన పుట్టింది అక్కడ కాదు, ఎస్.రాయవరంలో, 1862లో. విజయనగరం ఇల్లు 'కన్యాశుల్కం' నాటి గురజాడది. బాల్యపు గురజాడను అక్కడ వెతకకూడదు.

ఈ రెండు ఇళ్లకూ ఒక పోలిక ఉంది. రెండూ గట్టి ఇళ్లు. ఇటుక, సున్నం, కలప, పెంకు. వందేళ్లు నిలిచే సరుకుతో కట్టినవి. అదే కాలంలో ఊరి చివరి పేటల్లో పుట్టిన పిల్లల ఇళ్లకు మట్టిగోడలు, తాటాకు కప్పు. ఏటా వానాకాలానికి ముందు కప్పు మారుస్తారు, గోడ ఒరిగితే కొత్త గోడ పెడతారు. అలాంటి ఇల్లు ఒక తరం నిలవడమే గొప్ప. కాబట్టి ఏ కవి ఇల్లు మ్యూజియం అవుతుందన్నది కవిత్వం తేల్చే విషయం కాదు, కవి తాతల ఆస్తి తేల్చే విషయం. మిద్దె ఉన్న కవికి మ్యూజియం, పూరిళ్ల మధ్య పెరిగిన కవికి కూడలిలో విగ్రహం. ఈ లెక్క ఇలాగే సాగాలంటే తెలుగు సాహిత్యంలో సగం బాల్యాలకు చిరునామా ఉండదు.

మళ్లీ కట్టడం ఇక్కడ కొత్తా?

ఇల్లు మిగలనప్పుడు మళ్లీ కడితే అది నకిలీ కాదా అని అడిగేవాళ్లు ఉంటారు. వాళ్లను మాచర్ల మీదుగా నాగార్జునకొండకు పంపాలి. కృష్ణ మీద సాగర్ ఆనకట్ట కడితే ఇక్ష్వాకుల విజయపురి మొత్తం నీళ్లలో మునిగిపోతుందని తెలిసి, 1954 నుంచి 1960 దాకా పురావస్తు శాఖ ఆ లోయను శరవేగంగా తవ్వింది. మునిగే కట్టడాల్లో తొమ్మిదింటిని విప్పి, కొండమీదికి చేర్చి మళ్లీ నిలబెట్టారు. ఇంకొన్నింటిని నది కుడిగట్టున అనుపులో కట్టారు. కొండ చుట్టూ నీళ్లు చేరి అది ద్వీపమైంది. పడవెక్కి వెళ్లి చూసే మ్యూజియం 1966లో తెరిచారు. అసలు చోటు నీటి అడుగున ఉందని అక్కడ ఎవరూ దాచరు. దాచకపోవడమే దాని మర్యాద.

కడపది ఇంకో దారి. సి.పి. బ్రౌన్ అక్కడ పదిహేను ఎకరాల తోటతో ఉన్న బంగళా కొని, జీతాలిచ్చి పండితులను పెట్టుకుని తెలుగు తాళపత్రాలకు సాపు ప్రతులు రాయించాడు. ఆ బంగళా కాలక్రమంలో మొండిగోడలు అయింది. జానమద్ది హనుమచ్ఛాస్త్రి ఇంటింటికీ తిరిగి చందాలు పోగుచేసి, ఆ శిథిలాల చోటనే గ్రంథాలయం కట్టించే పని మీదేసుకున్నారు. 1987లో పునాదిరాయి పడింది, 1995లో తలుపులు తెరుచుకున్నాయి. బంగళాకు నమూనా కట్టే జోలికి పోకుండా, బ్రౌన్ చేసిన పనినే ఆ చోట కొనసాగించారు. పుస్తకాలు పోగేయడం, చదివించడం. ఆలోచించి చూస్తే ఇదే ఎక్కువ నమ్మకమైన పునర్నిర్మాణం.

వికటించిన సందర్భమూ ఉంది. త్యాగరాజు 1767లో తిరువారూరులో పుట్టి, చిన్నతనంలోనే తల్లిదండ్రులతో తిరువయ్యారు చేరారు. తమిళనాట కావేరి ఒడ్డున తెలుగులో పాడిన ఆ ఇల్లు తిరుమంజన వీధిలో ఉండేది. పాత ఇంటిని తొలగించి అదే చోట కొత్త స్మారకం కట్టారు. సంగీతం తెలిసినవాళ్లలో చాలామందికి అది మింగుడుపడలేదు. ఉన్నదాన్ని కూల్చి కట్టడం వేరు, లేనిదాన్ని తిరిగి నిలపడం వేరు.

పుస్తకాల కొట్టులో పెరిగిన అమ్మాయి

లేనిదాన్ని నిలపడమంటే ఏమిటో సెంజాకి చూపిస్తుంది. జపాన్ పెద్ద దీవికి పడమటి కొసన, యమగుచి రాష్ట్రంలో, నగాతో నగరంలో కలిసిపోయిన బెస్తల ఊరు అది. చేపముద్దను చిన్న చెక్కపలకల మీద అద్ది ఆవిరికి ఉడికించే 'కమబొకో' ఇక్కడి పేరుపడ్డ తిండి. 1903 ఏప్రిల్ 11న ఇక్కడ పుట్టిన ఆడపిల్లకు పెట్టిన పేరు తెరు. కవిత్వానికి ఎంచుకున్న పేరు కనెకో మిసుజు.

ఆమెకు మూడేళ్లు రాకముందే తండ్రి చైనాలో చనిపోయాడు. అక్కడ ఒక పుస్తకాల దుకాణం శాఖ చూసేవాడాయన. తమ్ముణ్ణి బంధువులు దత్తత తీసుకున్నారు. తల్లితో, అవ్వతో, అన్నతో కలిసి ఆమె పెరిగిన ఇల్లు ఊరి వీధిలో ఒక పుస్తకాల కొట్టు. పేరు కనెకో బున్‌ఎయిదో. కింద వ్యాపారం, పైన కాపురం. పల్నాడులో కిరాణా కొట్టు వెనకే కాపురముండే ఇళ్లు తెలిసినవాళ్లకు ఆ అమరిక విడమరిచి చెప్పనక్కర్లేదు. చుట్టూ చేపల వాసన కొట్టే ఊళ్లో ఒక్క ఇల్లు మాత్రం కొత్త పుస్తకాల వాసన కొట్టేది. చదువుకోవడానికి డబ్బు పెట్టి కొనక్కర్లేని పిల్ల ఆమె.

ఇరవయ్యో ఏట ఆమె షిమొనొసెకి అనే రేవు పట్టణానికి వెళ్లి, అక్కడ ఒక చిన్న పుస్తకాల దుకాణంలో కూర్చుని పిల్లల పత్రికలకు కవితలు పంపడం మొదలుపెట్టింది. 1923లో నాలుగు పత్రికలు ఒకేసారి ఆమె కవితలు వేసుకున్నాయి. పేరున్న కవి సైజో యసో మెచ్చుకున్నాడు. తర్వాతి కథ బాధ. 1926లో పెళ్లి, ఒక కూతురు, రాయొద్దని ఆంక్ష పెట్టిన భర్త, అతని నుంచి సోకిన జబ్బు, విడాకులు, కూతుర్ని తండ్రికే అప్పగించాల్సి వస్తుందన్న భయం. 1930 మార్చి 10న ఆమె తన ప్రాణం తీసుకుంది. అప్పటికి ఇరవై ఆరేళ్లు.

అక్కడితో ఊరు ఆమెను మరచిపోయింది. మూడు నోటుపుస్తకాల్లో చేత్తో రాసిన 512 కవితలు తమ్ముడి దగ్గర ఉండిపోయాయి.

1966లో యజాకి సెత్సువో అనే విద్యార్థి ఒక సంకలనంలో ఆమె కవిత ఒకటి చదివాడు. సార్డీన్ చేపలు వలల నిండా పడి రేవంతా పండగ చేసుకుంటుంటే, సముద్రం లోపల చేపలు ఎన్ని అంత్యక్రియలు చేస్తున్నాయో అని తలుచుకునే కవిత అది. రాసిందెవరో కనుక్కోవాలని పట్టుబట్టాడు. పదహారేళ్లు వెతికాడు. 1982లో తమ్ముడు దొరికాడు, నోటుపుస్తకాలూ దొరికాయి. 1984లో సమగ్ర సంపుటి వచ్చింది. ఆ తర్వాత ఆమె కవితలు బడి వాచకాల్లోకి ఎక్కాయి. 2011 మార్చిలో భూకంపం, సునామీ వచ్చి టీవీల్లో వ్యాపార ప్రకటనలన్నీ ఆగిపోయినప్పుడు, వాటికి బదులు వేసిన ప్రజాహిత ప్రకటనలో వినిపించింది ప్రతిధ్వని మీద ఆమె రాసిన కవితే. దేశమంతా రోజుల తరబడి అదే విన్నది.

మ్యూజియం తెరిచింది 2003లో, ఆమె నూరో పుట్టినరోజున. అంటే కవితలు దొరికిన ఇరవై ఒక్క ఏళ్లకు. వరస గమనించాలి. ముందు కాగితాలు, తర్వాత పుస్తకం, తర్వాత బడి, చివరికి ఇల్లు. కొట్టు ఉన్న చోటనే పుస్తకాల దుకాణాన్ని చెక్కతో తిరిగి కట్టారు. వీధి వైపు ముఖం ఆనాటి దుకాణమే. లోపలికి వెళితే అరల్లో ఆనాటి పత్రికల, పుస్తకాల తీరు. మేడమీద ఆమె గదిగా సర్దిన గది. వెనక కొత్త భవనంలో రాతప్రతుల సంగతులు, కవితలు. పాతది ఏది, కొత్తది ఏది అనే గందరగోళం లేదు. అక్కడ ప్రతి దూలమూ కొత్తదేనని అందరికీ తెలుసు. అయినా జనం వస్తారు. ఎందుకంటే చూడ్డానికి ఇంటికంటే ముందు కవిత ఉంది.

ఇంకో ముచ్చట. ఆ మ్యూజియం తన గోడల దగ్గర ఆగలేదు. వీధి పొడవునా ఇళ్ల ముందు ఆమె కవితల పలకలు వేలాడతాయి. తిని పారేసే కమబొకో చెక్కపలకలను కూర్చి ఆమె రూపాన్ని బొమ్మకట్టారు. కాస్త దూరంలో కయొయ్ అనే చోట 1692లో కట్టిన తిమింగిలాల సమాధి ఉంది. వేటలో పట్టిన తల్లి తిమింగిలాల కడుపులో దొరికిన పిల్లలను అక్కడ పూడ్చేవాళ్లు. వాటి కోసం జరిపే ప్రార్థన గురించి కూడా ఆమె కవిత రాసింది. చేపల అంత్యక్రియల ఊహ ఆమెకు ఎక్కడి నుంచి వచ్చిందో ఆ సమాధి ముందు నిలబడితే తెలిసిపోతుంది. ఊరు ఊరంతా కవితకు వివరణ అయింది.

జపాన్‌లో ఇలాంటివి ఇంకా ఉన్నాయి. హైకూకు కొత్త ఊపిరి పోసిన మసావోకా షికి (1867–1902) చిన్ననాటి ఇంటికి నమూనా మత్సుయామా పట్టణంలోని ఒక ఆలయ ప్రాంగణంలో ఉంది. యుద్ధంలో కాలిపోతే మళ్లీ కట్టారు. జాషువా పుట్టిన 1895లోనే, ఆ మత్సుయామాలోనే షికీ, నవలాకారుడు నత్సుమె సొసెకీ ఒక ఇంట్లో యాభై రెండు రోజులు కలిసి ఉన్నారు. ఆ ఇంటి నమూనా 2010లో కొండచరియ విరిగిపడి పోయింది. నమూనాలకు కూడా ఆయుష్షు తీరుతుంది మరి.

ఈ బాల్యానికి ఒక ఇల్లు చాలదు

మళ్లీ వినుకొండకు వద్దాం. జాషువా తండ్రి వీరయ్యది యాదవ కులం, తల్లి లింగమ్మది మాదిగ కులం. తండ్రి క్రైస్తవం తీసుకుని పాస్టరయ్యారు. కొడుకును బడికి పంపారు. బడిలో పంతుళ్లూ తోటిపిల్లలూ కులం పేరెత్తి అవమానిస్తే ఆ కుర్రాడు తలదించుకుని ఊరుకునే రకం కాదు, తిరగబడేవాడు. బొమ్మలు గీసేవాడు, పాడేవాడు. దీపాల పిచ్చయ్యశాస్త్రి చిన్ననాటి స్నేహితుడు. ఇద్దరూ తిరుపతి వేంకట కవుల్లా జంటకవులు కావాలనుకున్నారు. జాషువా–పిచ్చయ్య, పిచ్చయ్య–జాషువా, ఎటు తిప్పినా పేరు కుదరలేదని ఆ ముచ్చట విరమించుకున్నారంటారు. నవ్వొచ్చే సంగతే. ఆ రోజుల వినుకొండలో ఆ రెండు పేర్లు ఒక పద్యం కింద కలిసి కనబడితే ఏమయ్యేదో తలుచుకుంటే నవ్వు ఆగిపోతుంది.

సంస్కృతం నేర్పింది జూపూడి హనుమచ్ఛాస్త్రి. మేఘసందేశం, రఘువంశం, కుమారసంభవం ఆయన దగ్గరే చదువుకున్నాడు. అదే ఊళ్లో ఒక అవధాన సభలో పద్యాలు చదివితే, ఈ కులంవాణ్ణి సభలోకి ఎవరు రానిచ్చారని కొందరు గొడవ చేశారు. హిందూ పురాణాల మీద పద్యాలేమిటని ఇటు చర్చి పెద్దలూ వెలివేశారు. ఒక పక్క తెరిచిన తలుపు, మూడు పక్కల మూసిన తలుపులు. కాళిదాసు మేఘాన్ని చేతికిచ్చిన గురువూ, సభ నుంచి గెంటిన పెద్దలూ ఒకే ఊరివాళ్లు. 1941లో 'గబ్బిలం' వచ్చినప్పుడు ఆ రెండు అనుభవాలూ ఒకే కావ్యంలో కలిశాయి. మేఘం స్థానంలో గబ్బిలం, యక్షుడి స్థానంలో గుడి మెట్లెక్కనివ్వని మనిషి. తనకు ప్రవేశం లేని గుడిలోకి గబ్బిలం వెళ్లగలదు, శివుడి చెవిలో తన మొర చెప్పగలదు. ఈ కల్పన వెనక ఉన్నది పుస్తక పాండిత్యం ఒక్కటే కాదని వినుకొండ బాల్యం తెలిసినవాళ్లకు తెలుసు.

అందుకే జాషువా బాల్యాన్ని నిలపాలంటే ఒక ఇల్లు, ఒక మంచం, ఒక కళ్లజోడు సరిపోవు. ఆయనను అవమానించిన బడి కావాలి. హనుమచ్ఛాస్త్రి పాఠం చెప్పిన అరుగు కావాలి. గొడవ జరిగిన సభాస్థలమూ కావాలి. తలుపులు తెరిచినవాళ్లనూ మూసినవాళ్లనూ పక్కపక్కన చూపించలేని స్మారకం ఆయనను ముద్దుగా అబద్ధం చేస్తుంది. పూలదండల మధ్య కులం మాట రాకుండా జయంతి జరిపే అలవాటు మనకు బాగా ముదిరింది. కవికోకిల అని పిలవడం ఎవరికీ ఇబ్బంది లేదు. కోకిలను ఏ కొమ్మ మీద వాలనివ్వలేదో చెప్పమంటేనే గొంతు సవరించుకుంటాం.

సెంజాకితో పోలిస్తే వినుకొండకు ఒక గొప్ప సౌలభ్యం ఉంది. మిసుజు కోసం పదహారేళ్లు వెతకాల్సి వచ్చింది. జాషువా అయితే తన బతుకును తానే 'నా కథ' పేరుతో పద్యాల్లో రాసిపెట్టాడు. కూతురు హేమలతా లవణం 'మా నాన్నగారు' రాశారు. వినుకొండలోనే 1932లో పుట్టిన ఆమె, స్టువర్టుపురంలో నేరస్తుల సంస్కరణకూ, జోగినీ దురాచారం రూపుమాపడానికీ పనిచేసి 2008లో కన్నుమూశారు. ఇంటి పటం గీయడానికి మేస్త్రీకి ఇవ్వాల్సిన కొలతలు ఆ రెండు పుస్తకాల్లో వెతకవచ్చు. ఇటుకల కంటే ముందు ఈ రెండు పుస్తకాలూ పల్నాడు జిల్లాలోని ప్రతి బడి బీరువాలో ఉండాలి.

ఊరు దాటిన తర్వాత జాషువా బతుకు తిరగని చోటు లేదు. 1910లో మేరీతో పెళ్లి. మిషన్ బడిలో నెలకు మూడు రూపాయల జీతం. అది పోతే 1915–16ల్లో రాజమండ్రిలో మూగ సినిమాలకు వాచకుడు. తెరమీద బొమ్మ కదులుతుంటే పక్కన నిలబడి కథా మాటలూ చదివే పని. ఆ రెండేళ్లూ అదే ఊళ్లో కందుకూరి వీరేశలింగం బతికే ఉన్నారు. గుంటూరు లూథరన్ శిక్షణ పాఠశాలలో పదేళ్లు పంతులు. తర్వాత 1942 దాకా గుంటూరులోనే ఉభయభాషా ప్రవీణుడు. 1957–59 మధ్య మద్రాసు రేడియో. 1964 నుంచి శాసనమండలి సభ్యుడు. అదే ఏడు 'క్రీస్తు చరిత్ర'కు కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి, 1970లో పద్మభూషణ్. 1971 జూలై 24న గుంటూరులో మరణం. చెళ్లపిళ్ల వెంకటశాస్త్రి తన చేతులతో ఆయన కాలికి గండపెండేరం తొడిగిన సంగతి తెలుగు సాహిత్యం మరచిపోదు. చిన్నప్పుడు సభలో నిలబడనివ్వని కాలికి పండితుడు వంగి తొడిగిన కడియం అది.

స్మారకం కట్టేవాళ్లు ఆలోచించాల్సినది ఇంకొకటి ఉంది. సెంజాకిలో కవితను వీధి గోడల మీద వేలాడదీశారు. పల్నాడులో ఆ పని ఎప్పుడో జరిగిపోయింది, కాకపోతే చెవులతో. జాషువా 'శ్మశానవాటిక' పద్యాలను రంగస్థల నటులు ఎత్తుకెళ్లి బలిజేపల్లి లక్ష్మీకాంతం హరిశ్చంద్ర నాటకంలో కాటి సీనులో పెట్టుకున్నారు. తిరునాళ్లలో, జాతరల్లో, తెల్లవారుజామున మైకులో హరిశ్చంద్రుడు రాగం తీస్తుంటే 'వన్స్ మోర్' అని అరిచినవాళ్లలో ఆ పద్యాలు ఎవరివో తెలియనివాళ్లు ఎందరో. బడి మెట్లెక్కని రైతుకూలీలు కూడా వాటిని కంఠతా పట్టారు. నాటకకర్త పేరు, పద్యకర్త పేరు కలిసిపోయినా పద్యం మాత్రం చెక్కుచెదరలేదు. పాత నటుల గొంతులో ఆ పద్యాల రికార్డులు ఒక చోట పోగుపడి, హెడ్‌ఫోన్ పెట్టుకుని వినే ఏర్పాటు ఉంటే, జాషువా మ్యూజియంలో అంతకంటే విలువైన గది ఉండదు. చింతామణి, హరిశ్చంద్ర నాటకాల సమాజాల వాళ్లు ఇంకా ఉన్నారు. హార్మోనియం వాయించినవాళ్లలో కొందరింకా గుర్తుతెచ్చుకుని శ్రుతి చెప్పగలరు. ఆ వయసువాళ్లు రేపటికి ఉంటారని ఎవరూ పూచీ పడలేరు.

వినుకొండలో జాషువా పేరిట ఎవరు ఏది తలపెట్టినా సెంజాకి పాటించిన వరసనే పాటించడం మంచిది. ముందు కాగితాలు, గొంతులు. శంకుస్థాపన రాయి ఆ తర్వాత వేసుకోవచ్చు. శావల్యాపురం నుంచి నరసరావుపేట దాకా, ఈపూరు నుంచి నూజెండ్ల దాకా పాత పెట్టెల్లో ఏముందో ఆ ఇళ్లవాళ్లకే తెలుస్తుంది. 'గబ్బిలం' తొలినాటి ముద్రణ ప్రతి, జాషువా చేతిరాత ఉన్న కార్డు ముక్క, ఆయన ఉన్న సభ ఫొటో, కాటి సీను పద్యాలు రాసుకున్న నాటకాల నోటుపుస్తకం, పాత క్యాసెట్టు. ఏది దొరికినా పాత కాగితాలవాడికి తూకానికి వేయకండి. ఫోనులో ఫొటో తీసి, ఎవరిదో, ఎప్పటిదో వెనక రాసి, దగ్గరలోని శాఖా గ్రంథాలయంలోనో మీ ఊరి బడి తెలుగు మాస్టారి దగ్గరో ఒక ప్రతి ఉంచండి. ఇంట్లో నాటకాలాడిన తాతయ్య ఉంటే ఈ ఆదివారమే ఆయన దగ్గర కూర్చుని, పద్యం పాడించుకుని రికార్డు చేయండి. సెప్టెంబరు 28 జయంతికి పూలదండతో పాటు అది కూడా పట్టుకెళ్లండి.